నల్లరాయికి అడుగు ఎక్కడ

రాళ్ల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయాను. ఏ ఏడు ఏ పదవి వచ్చింది, ఎన్ని నివేదికలు రాశాను అన్నది మీకు అక్కర్లేదు. అవన్నీ కచేరీ బీరువాల్లో ఉన్నాయి. చెదలు చదువుకుంటున్నాయి.

కొత్తగా సుత్తె పట్టుకుని గుట్టలెక్కబోయే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. నేను ఏమేం కనిపెట్టానో వినాలని వాళ్ల కోరిక. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఒక బావి గురించి, ఒక మనిషి కాలు గురించి, నా తప్పు గురించి. నోటితో చెప్పబోతే తప్పు దగ్గరికి రాగానే మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఏది ముందు, ఏది తర్వాత

మాది జనగామ పక్కన పల్లె. వ్యవసాయం ఇల్లు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి హైదరాబాదులో మా కాలేజీ మూతపడింది. మేమంతా పెట్టెలు సర్దుకుని ఊళ్లకు చేరాం. ఆ ఏడు చదువు పోయింది. నేను అప్పటికి రెండేళ్లు భూగర్భశాస్త్రం చదివి ఉన్నాను. రెండేళ్ల చదువు ఎంత ప్రమాదమో మీకు తెలుసు. అన్నీ వచ్చినట్టే ఉంటుంది.

మా మెట్ట చెలకలో ఒక బండ ఉండేది. తెల్లటి గ్రానైటు. దాని నడుమ మూరెడు పొడవున నల్లటి రాతి ముక్క ఇరుక్కుని ఉండేది. ఒకనాడు నాయిన దానిమీద కూర్చుని, "ఇది దీంట్లకు ఎట్లొచ్చిందిరా?" అని అడిగాడు.

"తెల్లరాయి గట్టిపడ్డంక పగుళ్లల్ల నుంచి నల్లది దూరింది నాయినా" అన్నాను.

నాయిన ఆ ముక్క అంచుమీద వేలు తిప్పాడు. "తర్వాత దూరితె మూలలు గింత పదునుగ ఎట్లుంటయి? పలిగిన కుండపెంకు లెక్కున్నది. పలిగిందంటె అది ముందుగాల్నే ఉన్నట్టు గదా."

బడికి పోని మా నాయిన చెప్పిందే సరైనది. తరువాత పుస్తకాల్లో వెతికితే అదే కనిపించింది. భూమి లోతుల్లో కరిగిన రాయి పైకి వస్తుంది. పైన అప్పటికే గట్టిపడ్డ పాత రాయి కప్పులాగా ఉంటుంది. కరిగిన రాయి కోసం అక్కడ ఖాళీ ఏమీ ఉండదు. అది తన చోటు తానే చేసుకోవాలి. సన్నటి పగుళ్లలోకి దూరుతుంది. నాలుగు పగుళ్లు కలిసినచోట కప్పు నుంచి ముక్క ఊడి ఆ ద్రవంలో పడుతుంది. పడ్డ ముక్క మెల్లగా మునుగుతూ కాలుతుంది. అంచులు కరుగుతాయి. కొన్ని ముక్కలు పూర్తిగా కలిసిపోతాయి. కొన్ని మిగులుతాయి. ఆ ద్రవం నీళ్లలా పల్చగా ఉండదు. ముదురు బెల్లం పాకం కూడా దానిముందు పల్చనిదే. అందువల్ల మునగడానికి ఎంతో కాలం పడుతుంది. ఈలోగా మొత్తం చల్లబడి గడ్డకడుతుంది. మునుగుతున్న ముక్క ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది.

ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. గుట్టల్లో ఒంటరిగా తిరిగినప్పుడే అనిపించింది.

పెద్దాయన

ఉద్యోగంలో చేరాక నా మొదటి పెద్ద పని, దంతాలపల్లి నుంచి కురవి దాకా ఉన్న గుట్టలను నడిచి చూసి, ఏ రాయి ఎక్కడుందో పటం గీయడం. ఒక పల్లెలో బడి పక్క గది ఇచ్చారు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాణ్ని.

నా పైఅధికారి కామేశ్వరరావు గారు. గోదావరి జిల్లా మనిషి. రిటైరు కావడానికి అప్పటికి మూడేళ్లు ఉంది. పని తెలిసినవాడు, నోరు మంచిది కాదు. కచేరీలో మొదటిరోజే నేను "గిట్ల ఉన్నది సార్" అంటే, నలుగురి ముందు, "గిట్లా గట్లా కాదోయ్ యాదగిరీ, తెలుగులో చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. ఉద్యమంలో ఏడాది చదువు పోగొట్టుకున్నవాణ్ని, నాకు ఆ నవ్వు కడుపులో ఉండిపోయింది. ఆ తరువాత ఆయనను ఏదీ అడగలేదు. తెలియనిది ఉంటే తెలిసినట్టే రాసేవాణ్ని.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. ఆయన వెక్కిరించడం తప్పే. అందులో సందేహం లేదు. కానీ ఆయన మీది కోపంతో ఆయన దగ్గరున్న విద్యను కూడా వద్దనుకున్నాను. దానికి మూల్యం నేను చెల్లించలేదు. ఇంకొకరు చెల్లించారు.

గుట్టల సంగతి చెబుతాను. ఆ వైపు గ్రానైటులో నల్లముక్కలు ఎక్కువ. అరచేయంత ఉన్నవి, గుడిసె అంత ఉన్నవి, ఒక పొలమంత ఉన్నవి. ఒక గుట్ట ముఖం మీద రెండు ముక్కలు ఎదురెదురుగా ఉండేవి. ఒకదాని అంచు ఎక్కడ లోపలికి వంగిందో రెండోదాని అంచు సరిగ్గా అక్కడే బయటికి పొడుచుకొచ్చింది. దగ్గరికి జరిపితే అతుకుతాయి. నడుమ బారెడు తెల్లరాయి. ఒకే ముక్క విరిగి, రెండూ విడిపోతూ విడిపోతూ ఆగిపోయాయి.

ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ గాలి కూడా ఉండదు. పిట్ట అరవదు. వాటి ముందు నిలబడి కొలతలు రాసుకుంటున్నంతసేపూ బాగానే ఉండేది. వెనక్కి తిరిగి నడుస్తుంటేనే వీపు చల్లబడేది. నేను చూడటం మానగానే అవి మళ్లీ కదులుతాయేమో అనిపించేది. రెండుసార్లు గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఎవరితోనూ చెప్పలేదు.

అనసూయమ్మ బావి

ఆ పల్లెలో అనసూయమ్మ అని ఒక పెద్ద రైతు. భర్త పోయాక వ్యవసాయమంతా తానే చూసుకునేది. పనివాళ్లు పటేలమ్మ అనేవారు, నేను అక్కా అనేవాణ్ని. వరసగా రెండేళ్లు వానలు లేక ఆమె పాత బావి ఎండిపోయింది. నేను రాళ్లు చదువుకున్నవాణ్నని తెలిసి ఒకనాడు బడి దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, కొత్త బాయి ఏడ తవ్వమంటవు? పశులకు కూడ నీళ్లు లెవ్వు. నువ్వు చెప్పిన కాడ తవ్విస్త."

బావులకు చోటు చూపించడం మా శాఖ పని కాదు. ఆ మాట చెప్పి పంపవలసింది. కానీ ఆమె నన్ను నమ్మి అడిగింది. నాకది బాగా అనిపించింది. ఆమె చెలకలో రెండు వందల అడుగుల పొడవున నల్లరాతి మచ్చ ఒకటి ఉంది. దాన్ని అంతకు ముందు వారమే పటంలో గీశాను. పక్కనున్న గ్రానైటుకన్నా అది మెత్తన, పొరలు పొరలుగా ఉంటుంది, తవ్వడం తేలిక. రెండు రాళ్లూ కలిసే అంచు దగ్గర పగుళ్లు ఉంటాయి, పగుళ్లలో నీళ్లు దొరకవచ్చు. ఇంతవరకు నా ఆలోచన సరైనదే.

తప్పు ఎక్కడంటే, ఆ నల్లరాయి గోడలాగా కిందికంటా దిగి ఉంటుందని అనుకున్నాను. పైన కనిపించినదాన్ని పటంలో గీశాను, కింద ఏముందో ఆలోచించలేదు. అంచు దగ్గర నాలుగు రాళ్లు పెట్టి, "ఇక్కడ తవ్వుండ్రి అక్కా" అన్నాను.

తవ్వడానికి వచ్చిన మేస్త్రి వడ్డెర మల్లయ్య. నలభై దాటిన మనిషి. అతని భార్య ఎల్లమ్మ, మరో ఆరుగురు కూలీలు. పని మొదలుపెట్టే ముందు మల్లయ్య సమ్మెటతో గ్రానైటు మీద ఒక దెబ్బ వేశాడు. ఖణేల్‌మంది. నల్లరాయి మీద వేశాడు. దబ్బుమని మోగి ఆగిపోయింది. మోకాళ్ల మీద వంగి దానికి చెవి ఆనించి మళ్లీ కొట్టాడు.

"సారూ, గీ నల్లది భూమిల నాటుకోని లేదు. ఏలాడుతున్నది" అన్నాడు.

"రాయి ఏలాడుడేంది మల్లన్నా?" అని నవ్వాను.

అతను నవ్వలేదు. "నాకు ఇనవడ్డది చెప్పిన. నువ్వు చదువుకున్నోనివి" అని పని మొదలుపెట్టాడు.

ఎర్ర గింజలు

బావి నాలుగు గజాలు దిగేదాకా ఏమీ కాలేదు. తూర్పు గోడ అంతా నల్లరాయి, పడమటి గోడ తెల్లరాయి. నల్లరాయిలో జొన్నగింజలంత ఎర్రటి గింజలు పొదిగి ఉండేవి. కరిగిన రాయి వేడికి పాత రాయి కాలినప్పుడు ఇలాంటి గింజలు పుడతాయి. ఎల్లమ్మ వాటిని ఏరి కొంగున కట్టుకునేది. ఎందుకని అడిగితే, "మంచిగున్నయి సారూ" అనేది.

ఐదో గజంలో ఒక వింత మొదలైంది. మధ్యాహ్నం పనివాళ్లు అన్నానికి పైకి వచ్చి కూర్చున్నప్పుడు, బావిలో ఎవరూ లేనప్పుడు, తూర్పు గోడ నుంచి అభ్రకం పొడి రాలేది. నిట్టనిలువు ఎండలో అది బంగారు పొడిలా మెరుస్తూ దిగేది. దానితోపాటు ఒక్కొక్క ఎర్రగింజ ఊడి కిందపడి టిక్కుమనేది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఒకటి. మేమంతా ఒడ్డున కూర్చుని వినేవాళ్లం. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసేవాళ్లం.

"రాయి పండ్లు కొరుకుతున్నది" అంది ఎల్లమ్మ ఒకరోజు. ఆ సాయంత్రం కొంగున ఉన్న గింజలన్నీ విప్పి బావిలోకే పారేసింది. మరునాటి నుంచి తట్టలు మోసే ఆడవాళ్లలో ఇద్దరు రాలేదు. ఎండకు రాయి వేడెక్కి వ్యాకోచిస్తోందని, అందుకే పొడి రాలుతోందని నేను వివరించాను. అలాంటి వివరాలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఎనిమిదో గజంలో తూర్పు గోడ కింద తెల్లరాయి తగిలింది. మల్లయ్య నన్ను కిందికి పిలిచాడు. నల్లరాయి అడుగు అంచు స్పష్టంగా కనిపిస్తోంది. బావి వైపు వాలి ఉంది. దాని కింద నున్నటి అభ్రకపు పొర. అరచేత్తో రాస్తే సబ్బులా జారింది. ఆ కింద గ్రానైటు.

"కింద తెల్లది తేలింది సారూ. నల్లది అయిపోయింది. పైనున్నదంత దేనిమీద నిలవడ్డది?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా కళ్లముందే ఉంది. అది కప్పు నుంచి ఊడిన పెద్ద ముక్క. మా నాయిన చూపించిన మూరెడు ముక్కలాంటిదే, పొలమంత ఉంది. అంతే తేడా. ఒప్పుకుంటే నేను గీసిన పటం తప్పవుతుంది. చోటు చూపించింది తప్పవుతుంది. కామేశ్వరరావు గారు నలుగురి ముందు అనబోయే మాట నాకు అప్పుడే వినిపించింది.

"అది సన్నటి తెల్లతీగె మల్లన్నా. నల్లరాయిల గట్ల వస్తయి. రెండు తూటాలు పేల్చు, కింద మల్ల నల్లదే వస్తది" అన్నాను.

అతను నా ముఖం చూశాడు. సమ్మెట అందుకుని పైకెక్కాడు. మరునాడు పొద్దున రాతిలో రంధ్రాలు చేసి మందు తూటాలు పేల్చారు. కింద నల్లరాయి రాలేదు. గోడ నుంచి రాలే పొడి మాత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం చూసి నేను సంతోషించాను.

ఆ మధ్యాహ్నం

అదే రోజు పదకొండింటికి కామేశ్వరరావు గారు తనిఖీకి జీపులో వచ్చాడు. నా పటం జీపు ముందు పరిచి చూశాడు. వేలు ఆ నల్లమచ్చ మీద ఆగింది.

"ఈ నల్లరాయికి అడుగు ఎక్కడోయ్?"

"కిందికి దిగుతుంది సార్."

"ఎవరు చెప్పారు?"

పక్కనే దానిమీద బావి తవ్వుతున్నారని పనివాళ్లలో ఎవరో అన్నారు. ఆయన టోపీ తీసి సీటు మీద పడేసి పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఆ వయసులో మెట్లకోసం కొట్టిన గుంతల్లో కాళ్లు పెట్టుకుంటూ బావిలోకి దిగాడు. తూర్పు గోడ అడుగున కూర్చుని అభ్రకపు పొర మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీయకుండానే, చాలా మెల్లగా, "అందరూ పైకి వెళ్లండి. పరుగెత్తకండి. మాట్లాడకండి. వెళ్లండి" అన్నాడు.

అందరూ ఎక్కారు. ఆయనా సగం ఎక్కాడు. మల్లయ్య మాత్రం రాయి చెక్కే తన శానాలు తీసుకోవడానికి గోడ దగ్గరికి వెళ్లి వంగాడు. అవి అతని తండ్రి చేతివి.

చప్పుడు పెద్దగా రాలేదు. పిల్లలు అడిగేది ఎప్పుడూ అదే, ఎంత చప్పుడు వచ్చిందని. తలుపు మెల్లగా మూసినట్టు ఉంది, అంతే. గోడలో ఎద్దుబండి అంత ముక్క ఒకటి, విరగకుండా, దొర్లకుండా, ఆ వాలు మీద జారి కూర్చుంది. తరువాత మల్లయ్య అరుపు.

ఎడమ కాలు మోకాలి కింద దాని అడుగున ఉంది. మనిషి బతికే ఉన్నాడు. పైన మిగిలిన నల్లరాయి ఇప్పుడు ఏ ఆధారం లేకుండా అతని తలమీదికి వంగి ఉంది.

కామేశ్వరరావు గారు మళ్లీ కిందికి దిగాడు. మల్లయ్య తల ఒళ్లో పెట్టుకుని, "యాదగిరీ, మానుకోట రోడ్డు మీద లారీలుంటాయి. జాకీలు తీసుకురా. రెండు తే. జీపు తీసుకుపో" అన్నాడు. నేను వెళ్లాను. రెండు జాకీలు, ఇద్దరు లారీ డ్రైవర్లతో తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.

జాకీలు తీసుకుని నేనూ దిగాను. ఆయన నాకు ఒక్క పని చెప్పాడు. "నువ్వు పైన గోడనే చూడు. గింజ రాలితే చెప్పు. రాలినప్పుడల్లా జాకీ ఆపాలి."

నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా రాయిని చూసింది ఆ రోజే. తలెత్తి నిలబడ్డాను. ఆ నల్లటి గోడ నిండా వేల ఎర్రగింజలు. ఏది రాలుతుందో తెలియదు. ఒకటి ఊడి నా చెంపకు తగిలింది.

"రాలింది" అన్నాను. జాకీ ఆగింది.

ఒడ్డు మీంచి ఎల్లమ్మ గొంతు వినిపించింది. "ఓ అయ్యా, ఇంటున్నవా?"

"ఇంటున్ననే" అన్నాడు మల్లయ్య.

"పైకొస్తున్నవా?"

"వస్తున్న. నువ్వు ఒడ్డుకు నిలవడకు. ఎనకకు జరుగు."

జాకీ మళ్లీ తిరిగింది. రాయి వేలెడు లేచింది, నాలుగు వేళ్లు లేచింది. డ్రైవర్లు అతన్ని భుజాలు పట్టి లాగారు. తాళ్లకు కట్టిన మంచం మీద పైకి పంపించాం. డ్రైవర్లు, నేను, చివరగా ఆయన ఎక్కాం. ఆయన కాలు ఒడ్డు మీద పెట్టిన తరువాత, మీరు నమ్మినా నమ్మకపోయినా, మేము వంద లెక్కపెట్టేలోగా తూర్పు గోడ మొత్తం దిగింది. ఈసారీ పెద్ద చప్పుడు లేదు. బావిలోంచి చల్లటి దుమ్ము లేచి మా ముఖాలకు తగిలింది.

ఆయన అంచున నిలబడి చాలాసేపు చూశాడు. "అది ఎప్పుడో పడుతూ ఆగిపోయిందోయ్. ఇవాళ మనం కింద ఖాళీ చేసి ఇచ్చాం" అన్నాడు.

లేని రాయి గీతలు

వరంగల్లు దవాఖానలో మల్లయ్య కాలు తీసేశారు.

నా ఉద్యోగం పోతుందనుకున్నాను. పోవాలని కూడా అనుకున్నాను. కామేశ్వరరావు గారు నివేదిక రాసి, పైకి పంపే ముందు నాకు చదవమని ఇచ్చాడు. నా తప్పు ఏమాత్రం తగ్గించకుండా రాశాడు. దాని కింద, కిందివాడు గీసిన పటాన్ని చోటు చూడకుండా సంతకం పెట్టి ఆమోదించడం తన తప్పని రాశాడు. ఇంగ్లీషు నివేదిక అది. అందులో ఒక్క వాక్యం మాత్రం తెలుగు అక్షరాల్లో ఉంది. "కింద తెల్లది తేలింది. నల్లది అయిపోయింది. పైనున్నదంత దేనిమీద నిలవడ్డది?" నేను జాకీల కోసం పోయినప్పుడు బావిలో మల్లయ్య తనతో అన్నది అన్నట్టే రాశాడు. ఒక్క మాట దిద్దలేదు.

నన్ను వెక్కిరించినందుకు ఆయన ఎన్నడూ క్షమాపణ చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు ఒక ఏడాది జీతం పెంపు ఆపి ఊరుకున్నారు.

పదిహేను రోజులకు ఇద్దరం ఆ బావి దగ్గరికి తిరిగి వెళ్లాం. నల్లరాయి జారిపోయిన చోట వెనక గ్రానైటు గోడ శుభ్రంగా బయటపడింది. ఆయన బిందెతో నీళ్లు తెప్పించి దానిమీద పోయించాడు. "ఏం కనిపిస్తోంది?" అన్నాడు.

ముందు ఏమీ కనిపించలేదు. తరువాత, రాయి తడి ఆరుతూ ఉండగా, తెల్లరాయిలో సన్నటి బూడిదరంగు గీతలు తేలాయి. ఒకదాని పక్కన ఒకటి, ఒకే వాలులో. పడిపోయిన నల్లరాయిలో పొరలు ఏ వాలులో ఉండేవో అదే వాలు.

"ఇది నల్లరాయి కాదు కద సార్."

"కాదు. ఇక్కడా ఒకప్పుడు అదే ఉండేది. కరిగిన రాయి దాన్ని పూర్తిగా తినేసింది. కానీ మెల్లగా తిన్నది. కలియబెట్టలేదు. అందుకే పొరలు ఎటు ఉండేవో అటే నీడలు మిగిలాయి. రాయి పోయిందోయ్, దాని వరస పోలేదు."

ఆ తరువాత రెండేళ్లు నేను ఆ గీతల కోసమే తిరిగాను. పొద్దున, సాయంత్రం, ఎండ ఏటవాలుగా పడే వేళల్లో మాత్రమే అవి కనిపిస్తాయి. ప్రతి గుట్ట మీదా దిక్సూచి పెట్టి అవి ఎటు పోతున్నాయో రాసుకున్నాను. అన్నీ ఒకే దిక్కు. గుట్టకూ గుట్టకూ నడుమ మైళ్ల దూరం, పొలాలు, ఊళ్లు. అయినా గీత తప్పలేదు. అక్కడక్కడ మిగిలిన నల్లముక్కల పొరలు కూడా చాలావరకు అటే. లేని దేశానికి పటం గీస్తున్నట్టుండేది. ఈ నేలకు ముందు ఇక్కడ ఇంకొక నేల ఉండేది. అది కరిగిపోయింది. అయినా తన వరసలో తానే పడుకుని ఉంది, మనం దానిమీద జొన్నలు వేసుకుంటున్నాం. నేను దయ్యాలను నమ్మను. కానీ సాయంత్రం ఆ గీతలమీద నడుస్తూ ఇంటికి వస్తున్నప్పుడు, ఎవరి ఇంట్లోనో చెప్పకుండా తిరుగుతున్నట్టు చెప్పులు చప్పుడు కాకుండా అడుగులు వేసేవాణ్ని.

ఆ పటం బాగుందని కామేశ్వరరావు గారు రిటైరయ్యే రోజు అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వినడం అదొక్కసారే.

మల్లయ్య వచ్చిన రోజు

ఎనభైలలో నన్ను భూపాలపల్లి వైపు బొగ్గు వెతికే క్యాంపుకు పంపారు. అడవిలో డేరాలు. బోర్లు వేసి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో వరసగా పేర్చి ఉండేవి. అక్కడి రాళ్లు నెమ్మదైనవి. నదులు మోసుకొచ్చిన ఇసుక, మట్టి, ఆకులు ఒకదానిమీద ఒకటి పరుచుకుని గట్టిపడ్డవి. ఏదీ దేన్నీ చీల్చుకుని రాలేదు. నాకు ప్రాణం హాయిగా ఉండేది.

ఒక మధ్యాహ్నం చంకకర్ర మీద ఒక మనిషి డేరాల మధ్య నడిచి వస్తున్నాడు. మల్లయ్య. జుట్టు నెరిసింది. రెండు బస్సులు మారి, అడవిలో మూడు మైళ్లు ఆ కర్రమీదే నడిచి వచ్చాడు.

"కూసో మల్లన్నా" అని పెట్టె మీద తుండుగుడ్డ పరిచాను.

నీళ్లు తాగి అసలు సంగతి చెప్పాడు. అనసూయమ్మ తన చెలకలో మూడెకరాలు అతని పేర రాసిచ్చింది. కొడుకులు పెద్దవాళ్లయ్యారు. అక్కడ బావి తవ్వాలి. "వచ్చి జాగ చూపియ్యాలె" అన్నాడు.

"నేనా?" అన్నాను. "నా మాట నమ్మే గదన్నా నీ కాలు పోయింది. ఇంకెవరినన్న అడుగు."

"అడిగిన. ఇద్దరొచ్చిండ్రు. ఇద్దరు గిట్ల వచ్చి గట్ల చూపిచ్చి పోయిండ్రు. వాళ్లకు భయం లేదు సారూ. నీకున్నది. గందుకే నీకాడికొచ్చిన."

సెలవు పెట్టి అతనితోనే వెళ్లాను. మూడెకరాలూ రెండు రోజులు నడిచాను. నేను సమ్మెట వేస్తుంటే అతను చెవి ఆనించి విన్నాడు. గ్రానైటు నడుమ ఒక నల్లమచ్చ ఉంది, చిన్నదే. దానికి దూరంగా చూపిస్తానంటే, మిగతాదంతా గట్టి బండ, తవ్వలేమన్నారు కొడుకులు. చివరికి మచ్చ అంచున మొదలుపెట్టారు. నేను ఒక్క షరతు పెట్టాను. ప్రతి గజానికి ముందు నేను దిగి చూడాలి. నేను పైకి వచ్చేదాకా ఇంకెవరూ దిగకూడదు. మూడు వారాల సెలవు అందులోనే అయిపోయింది.

ఐదో గజం పూర్తయిన రోజు అడుగున తడి కనిపించింది. కొడుకులు కేకలు వేశారు. నేను దిగి గోడ చుట్టూ గంటసేపు వెతికాను. నల్లరాయి నిలువుగానే ఉన్నట్టు ఉంది. పొడి రాలడం లేదు. జారే పొర ఎక్కడా లేదు. భయపడటానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. కానీ దాని అడుగు నాకు కనబడలేదు. అది ఇంకా కిందికి పోతోందా, గజం కింద ఆగిపోయిందా, చెప్పలేను.

పైకి వచ్చి, "దీనికి అడుగు ఏడున్నదో నాకు తెలవదు మల్లన్నా. ఇక తవ్వద్దు" అన్నాను.

"తడి తేలినంక ఆపుమంటవేంది సారూ!" అంది ఎల్లమ్మ. "ఇంకొక్క గజం గదా!"

మల్లయ్య నా ముఖం చూశాడు. కర్ర ఊనుకుని లేచి, బావి అంచుకు పోయి, "గడ్డపారలు పైకి తీయుండ్రి" అని కొడుకులకు చెప్పాడు. మరునాటి నుంచి నలభై అడుగుల దూరంలో గట్టిబండ మీద మళ్లీ మొదటి నుంచి కొట్టారు. ఆరు నెలలు పట్టింది. నీళ్లు పడ్డాయి కానీ ఒక పంటకు మాత్రమే సరిపోయేవి.

ఆ తరువాత అటువైపు పనిబడ్డప్పుడల్లా వాళ్ల ఇంటికి వెళ్లేవాణ్ని. వదిలేసిన గుంత అలాగే ఉండేది. చుట్టూ ముళ్లకంప వేశారు. వానాకాలంలో దానిలో నిలిచే నీళ్లు రెండో బావిలోకంటే ఎక్కువే ఉండేవి. గోడ నుంచి ఒక్క పెళ్ల కూడా ఊడలేదు. నేను అనవసరంగా భయపడి వాళ్ల రెండో పంట పోగొట్టానేమో. నాకు ఇప్పటికీ తెలియదు. మీకూ ఇలాంటివి చాలా జరుగుతాయి. తెలియకుండానే ఉండిపోతారు. దానికి అలవాటు పడండి.

ఎల్లమ్మకు మాత్రం ఆ బాధ పోలేదు. నాకు చాయ్ గ్లాసు ఇస్తూ ప్రతిసారీ అనేది, "గా గోడ ఇంక పడనే లేదు సారూ."

మల్లయ్య మంచం మీద కూర్చుని చుట్ట ముట్టించుకుంటూ అనేవాడు, "పడ్డనాడు దాని కింద ఎవ్వలుండరు తియ్యి."